సోనిక్ స్క్రూడ్రైవర్ రిమోట్ కొనాలా? మీ హాల్లో ఏవి దాని మాట వింటాయో ముందు చూసుకోండి

మీ ప్రశ్నను కుదించి చెబుతాను, తరువాత చదివేవారికి ఉపయోగపడుతుంది. మీ ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ ధారావాహికలో కనిపించే సోనిక్ స్క్రూడ్రైవర్‌కు అచ్చుగుద్దినట్టున్న రిమోట్‌ను వేరే ఊరి వ్యక్తి అమ్ముతున్నారు. చేత్తో తిప్పితే టీవీ సౌండ్ పెరుగుతుందని, విదిలిస్తే ఛానెల్ మారుతుందని ఆయన చెప్పారు. దానితో టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఏసీ, ఫ్యాను, ఇంటర్నెట్ కార్యక్రమాల కోసం టీవీ వెనక తగిలించే స్టిక్కు అన్నీ నడుస్తాయా, రోజూ వాడుకోవచ్చా, ఉప్పుగాలికి పాడవుతుందా అన్నవి మీ సందేహాలు.

కొనండి. కాని ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ పక్కన పడేయవచ్చన్న ఆశతో కొనకండి. పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) రిమోట్‌తో నడిచే టీవీ తప్పకుండా వింటుంది. సెట్‌టాప్ బాక్స్ చాలావరకు వింటుంది. రిమోట్ ఫ్యాను పరారుణ కాంతితో పనిచేసేదైతే వింటుంది. ఏసీ తన ఇష్టం వచ్చినప్పుడు వింటుంది. స్టిక్కు అసలు వినదు. ఇక ఉప్పుగాలి సంగతి: వస్తువును అది ఒక్కరోజులో పాడుచేయదు, మీరు లోపల సెల్లు వదిలేసి మరచిపోయిన రోజు కోసం కాచుకుని ఉంటుంది.

గాజువాక వైపు ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. పనిలో ఉన్నప్పుడు ఒత్తిడి కొలిచే మీటర్లు, ఇంట్లో ఈ వింత రిమోట్లు. ఇలాంటివి నా దగ్గర మూడున్నాయి. నాలుగోది నేనే చేయించుకున్నాను, దాని కథ చివర్లో చెబుతాను.

మీరు చూసిన వస్తువు ఇంగ్లండుకు చెందిన ద వాండ్ కంపెనీ చేసింది అయి ఉండాలి. వాళ్లు 2009లో కైమెరా అనే మంత్రదండం రిమోట్‌తో మొదలుపెట్టారు, 2012లో సోనిక్ స్క్రూడ్రైవర్ తెచ్చారు, ఆ తరువాత స్టార్ ట్రెక్ ధారావాహికలోని ఫేజర్ అనే తుపాకీ. అసలు ధారావాహికలో ఈ స్క్రూడ్రైవర్ మొదట కనిపించింది 1968లో. తలుపు తాళాలు తెరవడానికి, యంత్రాలను లొంగదీసుకోవడానికి కథలో దాన్ని వాడతారు. దూరం నుంచి చూపిస్తే యంత్రం మాట వినడమే కథలోనూ దాని పని కాబట్టి, దాన్ని రిమోట్‌గా మార్చడం ఎంతో సహజంగా కుదిరింది. చాలా సినిమా వస్తువుల నకళ్లకు లైటు వెలగడం, శబ్దం రావడం తప్ప వేరే పని ఉండదు. నేను ఇలాంటివాటికే డబ్బు ఖర్చు పెట్టడానికి కారణం అదే. గాజు అలమరలో కూర్చుని ధూళి పట్టే వస్తువులంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ రిమోట్‌కు ఏ టీవీ భాషా రాదు. దానివి చిలక పలుకులు. మీ పాత రిమోట్‌ను దాని ముక్కుకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే, ఆ కాంతి ఎన్నిసార్లు వెలిగిందో, ఎంతసేపు ఆగిందో అలాగే గుర్తు పెట్టుకుంటుంది. మీరు తరువాత చెయ్యి విదిలిస్తే ఆ విన్నదాన్నే తిరిగి అప్పజెబుతుంది. అర్థం మాత్రం దానికి తెలియదు. మీకు రాబోయే ఇబ్బందులన్నీ ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

రిమోట్ మాట ఎలా ఉంటుందో కొంచెం చూద్దాం. కంటికి కనిపించని పరారుణ కాంతి సెకనుకు దాదాపు 38,000 సార్లు మిణుకుమంటుంది. ఎన్ఈసీ అనే బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో మొదట 9 మిల్లీసెకన్ల పాటు మిణుకు, తరువాత 4.5 మిల్లీసెకన్ల మౌనం, ఆపైన 32 బిట్లు, అంటే ఒకటి లేదా సున్నా అని చెప్పే గుర్తులు. అంతా కలిపి ఒక సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఇంత చిన్న మాటను చిలక హాయిగా నేర్చుకుంటుంది. అందుకే టీవీతో పేచీ ఉండదు.

సెట్‌టాప్ బాక్సుల దగ్గర ఒక చిక్కు ఎదురవ్వవచ్చు. ఫిలిప్స్ వాళ్ల ఆర్సీ5 పద్ధతిని, లేదా దాని పోలికతో వచ్చినదాన్ని వాడే బాక్సులు కొన్ని ఉన్నాయి. అందులో బటన్‌ను వదిలి మళ్లీ నొక్కిన ప్రతిసారీ ఒక బిట్ తిరగబడుతుంది. దాన్నిబట్టే బాక్సు "ఇది కొత్త నొక్కుడా, వేలు తీయలేదా" అన్నది తెలుసుకుంటుంది. చిలకకు ఆ తేడా తెలియదు, ఎప్పుడూ ఒకే బిట్‌తో చెబుతుంది. మా పాత బాక్సుతో నేను ఒక వారం తల పట్టుకున్నాను. ఛానెల్ పెంచడానికి విదిలిస్తే మొదటిసారి మారేది, రెండోసారి విదిలిస్తే కదిలేది కాదు. మధ్యలో అసలు రిమోట్‌తో ఏదైనా నొక్కితే మళ్లీ ఒక్కసారి పనిచేసేది. కారణం తట్టాక అదే బటన్‌ను రెండు వేర్వేరు కదలికలకు నేర్పాను: ఒకసారి నొక్కి ఒకదానికి, వదిలి మళ్లీ నొక్కి రెండోదానికి. రెండింటినీ మార్చి మార్చి వాడితే ఛానెళ్లు వరుసగా కదిలాయి. అంత తంటాలు పడటం మీకు ఇష్టం లేకపోతే బాక్సుకు ఆన్, ఆఫ్, మ్యూట్ మాత్రం నేర్పి ఊరుకోండి.

ఏసీ కథ వేరు. ఏసీ రిమోట్ మీద చిన్న తెర ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఉష్ణోగ్రత ఎంత, గాలి వేగం ఎంత, రెక్క ఊగాలా వద్దా అన్న లెక్క రిమోట్‌లోనే ఉంటుంది. మీరు ఏ బటన్ నొక్కినా అది "ఒక డిగ్రీ పెంచు" అని చెప్పదు, మొత్తం చిట్టా చదువుతుంది: చల్లదనం, 24 డిగ్రీలు, గాలి మధ్యస్థం, రెక్క ఊగాలి. ఆ చిట్టా టీవీ మాటకు మూడు నాలుగింతల పొడవుంటుంది. కొన్ని రిమోట్లలో అంతకంటే ఎక్కువ. మా పడకగది ఏసీ చిట్టాను నా కైమెరా నేర్చుకుంది, హాలు ఏసీది మాత్రం సగంలో మింగేసింది. నేర్చుకున్నా ఒక చిక్కు ఉంది. 24 డిగ్రీల దగ్గర "పెంచు" బటన్ నేర్పితే అది జీవితాంతం "25" అనే చెబుతుంది, ఎన్నిసార్లు తిప్పినా 26 రాదు. అందువల్ల ఏసీకి రెండే నేర్పండి: మీకు నచ్చిన అమరికతో ఆన్, ఆపైన ఆఫ్.

స్టిక్కు విషయంలో చాలామంది మోసపోతారు. ఉదాహరణకు ఫైర్ టీవీ స్టిక్ తన రిమోట్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది, దానికి పరారుణ కాంతి చూసే కన్నే లేదు. కాని అదే రిమోట్‌లో టీవీ సౌండ్ కోసం, టీవీ ఆన్ చేయడం కోసం పరారుణ దీపం కూడా ఉంటుంది. దాంతో నేర్పేటప్పుడు సౌండ్ బటన్ నేర్చుకుంటుంది, హోమ్ బటన్ నేర్చుకోదు. వస్తువు పాడైందని అమ్మినవారితో గొడవ పడినవారిని చూశాను. పాపం, వస్తువుది తప్పు కాదు.

కాబట్టి డబ్బు పంపేముందు ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ఒక బల్ల మీద పెట్టండి. ఫోనులో ముందువైపు కెమెరా తెరిచి, ఒక్కో రిమోట్‌ను దానికి చూపిస్తూ మీకు కావలసిన బటన్లు నొక్కండి. తెర మీద ఊదారంగు చుక్క మిణుకుమంటే అది పరారుణ రిమోట్, మీ స్క్రూడ్రైవర్‌కు శిష్యరికం ఇవ్వగలదు. మిణుకు లేకపోతే దాన్ని లెక్కలోంచి తీసేయండి. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం సీలింగ్ ఫ్యాన్ల రిమోట్లు ఎక్కువగా పరారుణవే, కొన్ని మాత్రం రేడియోవి. వెనకవైపు కెమెరాల్లో ఆ కాంతిని ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది కాబట్టి దానితో చూసి నిరాశపడకండి.

ఇక చేతి కదలికలు. సోనిక్ స్క్రూడ్రైవర్ 13 కదలికలను గుర్తిస్తుంది, మూడు జ్ఞాపక అరలున్నాయి, మొత్తం 39 ఆదేశాలు దాచుకోవచ్చు. పెట్టె మీద ఆ అంకె చూసి మురిసిపోయాను. ఇన్నేళ్ల తరువాత నా చేతికి గుర్తున్నవి ఐదు: కుడికి తిప్పితే సౌండ్ పెరగడం, ఎడమకు తిప్పితే తగ్గడం, పైకి, కిందికి విదిలిస్తే ఛానెళ్లు, తలమీద తడితే మ్యూట్. మిగతావన్నీ పుస్తకం తీసి చూసుకోవలసిందే. పుస్తకం తీసేసరికి ప్రకటనలు అయిపోతాయి.

లోపల ఉండేది యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్పు. సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడే కంటికి కనిపించని బరువు ఎటు ఒరిగిందో అది కొలుస్తుంది. వస్తువు కదలకుండా ఉన్నా భూమ్యాకర్షణ దానికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. టీవీ వైపు అడ్డంగా పట్టుకుని మణికట్టు తిప్పితే ఆ ఆకర్షణ ఒక పక్కనుంచి మరో పక్కకు జరుగుతుంది, ఎంత తిప్పారో దాన్నిబట్టి తెలుసుకుంటుంది. ఇప్పుడు అదే రిమోట్‌ను సీలింగ్ ఫ్యాను వైపు నిటారుగా ఎత్తి తిప్పి చూడండి. ఏమీ జరగదు. నిలువుగా పట్టుకుని బొంగరంలా తిప్పితే భూమ్యాకర్షణ దిశ మారదు కదా, చిప్పుకు ఏ తేడా కనిపించదు. దీన్ని పట్టాలంటే తిరగడాన్ని నేరుగా కొలిచే గైరోస్కోప్ కావాలి. ఫ్యాను వేగానికి నేను తిప్పడం మానేసి, తట్టే కదలికలు నేర్పుకున్నాను. వాలుగా పట్టుకున్నా పని జరుగుతుంది, కాని ఒక్కోసారి తప్పుతుంది.

విదిలించడంలోనూ ఒక కిటుకు ఉంది. చెయ్యి పైకి విదిలించినప్పుడు చిప్పుకు మొదట పైకి ఒక కుదుపు, చెయ్యి ఆగినప్పుడు కిందికి ఒక కుదుపు తగులుతాయి. ఏది ముందు వచ్చిందన్నదే గుర్తు. మీరు విదిలించి వెంటనే చేతిని వెనక్కి లాక్కుంటే లెక్క తారుమారవుతుంది, ఛానెల్ ముందుకు వెళ్లి వెనక్కి వస్తుంది. మణికట్టు మాత్రం కదిలించి, ఒక్క క్షణం బిగబట్టి, తరువాత నెమ్మదిగా దించండి. తడి చేతులు దులుపుకునేటప్పుడు చేసే కదలిక మాత్రం అస్సలు వద్దు. కైమెరా కొన్న కొత్తలో మా అత్తయ్యగారు రాత్రి సీరియల్ చూస్తున్నారు. సరిగ్గా కోడలు తలుపు వెనక నిలబడి అసలు రహస్యం వింటున్న ఘట్టం. నేను దండం చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చి, ఈగను తోలాను. వార్తలు వచ్చాయి. కంగారుగా మళ్లీ విదిలిస్తే వ్యవసాయ కార్యక్రమం. ఆవిడ ఒక్క మాట అనలేదు, అసలు రిమోట్‌ను తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఆ రోజునుంచి అది ఆవిడ చేతిలోంచి కదలలేదు.

రోజూ వాడవచ్చా అంటే, ఇంట్లో పెద్దవాళ్లుంటే అసలు రిమోట్ దాచకండి. ఇది మీ సరదా కోసం పక్కన ఉండాలి. మీ హాలు కిటికీ సముద్రం వైపు తెరుచుకుంటే ఉదయం ఎండ నేరుగా టీవీ మీద పడుతుంది, ఆ వేళ టీవీలోని కన్ను ఎండ వెలుగుకే మసకబారి ఏ రిమోట్ మాటా సరిగ్గా వినదు. ఈ స్క్రూడ్రైవర్‌తో గురి కాస్త సరిచూసుకోవాలి. నేర్పేటప్పుడు కర్టెన్లు వేసి, లైట్లు ఆర్పి, రెండు రిమోట్ల ముక్కులను మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా పెట్టండి.

ఉప్పుగాలి. దీని గురించి నాకు చేదు అనుభవం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి హాలంతా నీళ్లు, కరెంటు లేదు, నెట్ లేదు. కైమెరాను పెట్టెలో పెట్టి అటక మీద దాచాను, సెల్లు తీయడం మరచిపోయాను. ఇల్లు బాగుచేసుకునే హడావిడిలో అది గుర్తుకు రాలేదు. నెలల తరువాత తీస్తే సన్న పెన్సిల్ సెల్లు రెండూ కారి, తెల్లటి పొక్కులు కట్టి, స్ప్రింగుకు పచ్చటి చిలుము పట్టింది. ఆల్కలైన్ సెల్లు కారేది క్షారం కాబట్టి, దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి తుడిచాను. నిమ్మరసమైనా సరిపోతుంది. పొక్కులు కరిగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి ఆరబెట్టాను. ఒక స్ప్రింగును చిలుము పూర్తిగా తినేసింది, డాబాగార్డెన్స్‌లో విడిభాగాలు అమ్మే చోట వేరే సెల్ హోల్డర్ కొని అందులోని స్ప్రింగు పీకి అతికించాను. బతికింది.

మీ ఇల్లు నా ఇంటికంటే సముద్రానికి దగ్గర. వాడని వారం సెల్లు బయటే ఉండాలి. గాలి చొరబడని డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఆ పొట్లాలు కూడా తేమ తాగి నిండిపోతాయి, వానాకాలంలో మార్చాలి. రబ్బరులా మెత్తగా ఉండే పూత ఉన్న వస్తువైతే మన తేమకు కొన్నేళ్లలో జిగురు జిగురుగా మారుతుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే జిగురు పోతుంది, పూత కూడా పోతుంది, సేకరించేవారి దృష్టిలో విలువా పోతుంది. తరువాతి కాలంలో వచ్చిన కొన్ని నకళ్లలో లిథియం బ్యాటరీ లోపలే ఉంటుంది. అలాంటిదాన్ని ఏళ్లతరబడి చార్జింగ్ లేకుండా వదిలితే మళ్లీ లేవదు. నిండుగా చార్జ్ చేసి దాచినా మంచిది కాదు, సగం దగ్గర ఉంచి మూడు నెలలకొకసారి చూసుకోవాలి. ఉబ్బినట్టు కనిపిస్తే గుచ్చి చూడకండి.

విదేశంలో ఉన్న బంధువుల ద్వారా కొత్తది తెప్పించుకోవచ్చా అని కూడా అడిగారు. తెప్పించుకోవచ్చు, కాని కాగితం మీద "బొమ్మ" అని రాయించకండి. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కూడా అయింది. నా రెండో వస్తువును పంపినవాళ్లు ప్రేమగా "మ్యాజిక్ టాయ్" అని రాశారు. కొరియర్ వాళ్ల నుంచి వచ్చిన బిల్లు చూసి మా ఆయన "ఇంతకీ ఇది మంత్రదండమా, బంగారు కడ్డీనా?" అన్నారు. ఉన్నదున్నట్టు, పెద్దల కోసం చేసిన పరారుణ రిమోట్ అని రాయించి, కొన్న రసీదు లోపల పెట్టించండి. సుంకాలు మారుతుంటాయి, పంపించేనాటి రేటు చూసుకోండి. ఫేజర్ లాంటి తుపాకీ ఆకారపు వస్తువును ఎవరైనా విమానంలో చేతిసంచీలో తెస్తే భద్రతా తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

నాలుగోదాని కథ చెబుతానన్నాను. కొనడం ఖరీదనిపిస్తే ఇది మీకూ దారి కావచ్చు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గరకు కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్లాను. ఆయన అంకుడు కర్రను లేత్ మీద ఎక్కించి, లోపల గొట్టంలా తొలిచి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనించి రంగు కరిగించారు. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిసింది. ఏ ధారావాహికలోనూ లేని ఆకారం, మన లక్కపిడతల వంపులు దానికి వచ్చాయి. లోపల నేను ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కదలికలను కొలిచే ఎంపీయూ6050 చిప్పు, ఒక పరారుణ దీపం అమర్చాను. ఈ చిప్పులో గైరోస్కోప్ ఉంది కాబట్టి ఫ్యాను వైపు నిటారుగా ఎత్తి తిప్పినా గుర్తుపడుతుంది. పైగా ఏసీ చిట్టాను సొంతంగా రాసి పంపే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి, 24ను 25 చేయమంటే చేస్తుంది, 26 అంటే 26. అది చిలక కాదు, భాష వచ్చినది. మొదటిసారి దీపాన్ని రెండు సెంటీమీటర్లు లోపలికి దించేశాను, కాంతి పెన్సిల్ అంత సన్నగా వచ్చి సూదిలో దారం ఎక్కించినట్టు గురి చూడవలసి వచ్చింది. దీపాన్ని కొన దాకా తెచ్చాక దారికి వచ్చింది. టంకం చేయడం వచ్చి, నాలుగు ఆదివారాలు చేతిలో ఉంటే మీరూ చేసుకోవచ్చు. దీన్ని మా అత్తయ్యగారు ముట్టుకుంటారు, ఫ్యాను కోసం మాత్రమే.

మళ్లీ మీ బేరానికి వస్తాను. అమ్మేవారు "పెట్టె తెరవలేదు, కొత్తదే" అంటున్నారని రాశారు. ఏళ్లపాటు తెరవని పెట్టె అంటే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ. పెట్టె అలాగే ఉండాలని పట్టుబట్టే సేకరణకారులు ఉంటారు, మీరు వాడాలనుకుంటున్నారు కాబట్టి తెరిపించండి. వీడియో కాల్‌లో మూడు చూపించమనండి. ఒకటి, ఫోను ముందువైపు కెమెరాకు ఎదురుగా ముక్కు పెట్టి ఒక కదలిక చేస్తే ఊదారంగు మిణుకు రావాలి. రెండు, వాళ్ల టీవీ రిమోట్‌తో అప్పటికప్పుడు ఒక బటన్ నేర్పి చూపించాలి, ముందే నేర్పి ఉంచినది లెక్కలోకి రాదు. మూడు, సెల్లు పెట్టే మూత తీసి, లోపలి స్ప్రింగులను వెలుతురులో దగ్గరగా చూపించాలి. మొదటి రెండు చూపించి, మూడోదానికి "మూత గట్టిగా ఉంది, రావడం లేదు" అంటే బేరం ఆపేయండి. రాకపోవడానికి కారణం లోపల కట్టిన పొక్కులే అయి ఉండవచ్చు.